దీపం పట్టిన చేయి

చీకటిలో నడిచే మనిషికి ఒక చేత దీపమూ, మరొక చేత కర్రా ఉంటే ధైర్యం దానంతట అదే వస్తుంది. రెండింటిలో ఒక్కటే పట్టుకోవాలంటే? టెక్సస్ రాష్ట్రంలోని ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ రూపొందించగా 2004 ఆగస్టులో విడుదలైన 'డూమ్ 3' అనే కంప్యూటర్ ఆట, ఆడేవారిని సరిగ్గా ఈ సంకటంలోకే నెట్టింది.

కథాకాలం 2145. అంగారక గ్రహం మీది పరిశోధనా స్థావరంలో ఒక ప్రయోగం వికటించి నరకద్వారం తెరుచుకుంటుంది. అప్పుడే కొలువులో చేరిన సైనికుడొకడు పిశాచాల మధ్య చిక్కుకుంటాడు. అతని వద్ద తుపాకులున్నాయి, టార్చిలైటూ ఉంది. కాని టార్చి పట్టుకుంటే తుపాకి దించాలి. తుపాకి ఎత్తితే వెలుగు పోతుంది. ప్రతి దీపపు నీడలనూ అప్పటికప్పుడు లెక్కగట్టి చూపడం ఆ ఆటలోని సాంకేతిక విశేషం. గోడపై నీడ కదిలిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న: చూడాలా, కాల్చాలా?

2005 వేసవిలో రాజమండ్రిలోని ఒక ఇంట ఇద్దరు అన్నదమ్ములు ఈ ప్రశ్నకు తమదైన పరిష్కారం కనిపెట్టారు. మౌసు అన్న చేతిలో ఉండేది. తమ్ముడి పని 'ఎఫ్' మీట నొక్కడం మాత్రమే; అది టార్చి మీట. "దీపంరా!" అని అన్న అనేలోపే తమ్ముడి వేలు కదిలేది. ఆట సగంలో ఉండగా అన్నకు పూణేలో ఉద్యోగం వచ్చింది. మిగిలిన సగం మిగిలిపోయింది.

2017లో తండ్రి పోయాడు. ఇంటి పంపకాల వద్ద మాటా మాటా పెరిగింది. చివరి రోజుల్లో తండ్రికి సేవ చేసింది తానని తమ్ముడు, వైద్యానికి డబ్బు పంపింది తానని అన్న. ఆ రోజుతో ఇద్దరి మధ్య మాటలు నిలిచిపోయాయి.

చాలా ఏళ్లకు ఇల్లు అమ్మి ఖాళీ చేస్తున్నప్పుడు అటకమీది పెట్టెలో ఆ ఆట తాలూకు మూడు సీడీలు తమ్ముడి కంటబడ్డాయి. ఇప్పుడతనికి నలభై నాలుగేళ్లు. ఆట పూర్తి చేయాలనిపించింది. ముందుగా 2012లో వచ్చిన సవరించిన ప్రతిని కొన్నాడు. అందులో దీపాన్ని సైనికుడి కవచానికే తగిలించారు. వెలుగుకోసం తుపాకి దించనక్కరలేదు. రెండు రాత్రులు హాయిగా ఆడాడు. హాయిగా ఉండడమే అతనికి నచ్చలేదు. ఇందులో పక్కన ఎవరూ కూర్చోనవసరం లేదు.

పాత ప్రతికే తిరిగి వచ్చాడు. మూలసంకేతాన్ని సంస్థ 2011లోనే బహిరంగపరచింది. ఔత్సాహికులు దానికి చేసిన మెరుగుల పుణ్యమా అని, పాత సీడీలలోని ఆట కొత్త కంప్యూటరుపైనా నడిచింది. ఒంటరిగా ఆడబోతే మొదటి గంటలోనే నాలుగుసార్లు చచ్చాడు. కాల్చే కంగారులో వేలు దీపం మీటను మరచిపోయేది. తన పని చిన్నదని ఇన్నేళ్లూ అనుకున్నాడు. ఆ చిన్న పనిని నమ్ముకునే అన్న చీకటి గదులలోకి అడుగు పెట్టేవాడని ఇప్పుడర్థమైంది. పంపకాలనాడు అన్నదమ్ములిద్దరూ తుపాకులే ఎత్తారు. అవతలివాడి మూలన ఏమున్నదో చూసేందుకు ఒక్కరూ దీపం ఎత్తలేదు.

మూడు వారాలు పట్టింది. చివరనున్న మహారాక్షసుణ్ణి మామూలు తూటాలేవీ ఏమీ చేయలేవు. అయిదుగురు శత్రువులను కూల్చితే గాని శక్తి పుంజుకోని ప్రాచీన ఆత్మఘనం ఒక్కటే వాణ్ణి గాయపరచగలదు. రాత్రి రెండు గంటలకు వాడు కూలాడు. గదిలో గోడగడియారం చప్పుడు తప్ప మరే అలికిడీ లేదు. ఈ గెలుపు ఎవరితో చెప్పుకోవాలో అతనికి తెలుసు.

తెల్లవారాక ఫోను చేశాడు. చాలాసేపు మోగిన తరువాత అవతల ఎత్తారు.

"అన్నయ్యా... డూమ్ అయిపోయింది."

అవతల కాసేపు మౌనం. తరువాత వినవచ్చిన గొంతు కొంచెం ముసలిదైంది, కాని మారలేదు.

"దీపం ఎవరు పట్టార్రా?"