ఎనిమిది వేయకుండానే వచ్చిన లైసెన్స్

మా పెద్దోడికి పోయిన నెల 18 ఏళ్లు నిండాయి. ఇషా నమాజ్ అయ్యాక మస్జిద్ మెట్లు దిగుతూ నా చెయ్యి పట్టుకున్నాడు.

"అబ్బా, లైసెన్స్ తీసుకోవాలె. ఏజెంట్‌కు పైసలిస్తే బండి నడిపి చూపియ్యాల్సిన పనే లేదంట. జర మాట్లాడరాదు?"

"అట్లెందుకు బేటా? నడిపి చూపిచ్చి తీస్కో" అన్నాను.

"మీరు చూపిచ్చిండ్రా మరి?"

ఎవరు చెప్పి ఉంటారో అర్థమైంది. మా మామూ నోట్లో మాట దాగదు. ఇల్లు చేరేదాకా నేను మళ్లీ నోరు విప్పలేదు. ఆ రాత్రి నిద్ర కూడా పట్టలేదు. వాడికి చెప్పలేని జవాబు ఇక్కడ రాస్తున్నాను.

1998లో నాకు లైసెన్స్ వచ్చింది. అప్పుడు మా మద్నూర్ నిజామాబాద్ జిల్లాలో ఉండేది. ఒక ఏజెంట్ నా ఫోటోలు, కాగజాత్ తీసుకున్నాడు. ఏ దఫ్తరో, ఎవరో ఇప్పుడు చెప్పి లాభం లేదు. వేపచెట్టు కింద నిలబెట్టి నాలుగు చోట్ల సంతకాలు చేయించాడు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ మొహం కూడా నేను చూడలేదు. లైసెన్స్ చేతికొచ్చిన రోజు ఇంట్లో జిలేబీ పంచాను. అది రిష్వత్ అని మాలో ఎవరికీ తోచలేదు. 'ఖర్చు' అనుకున్నాం.

మూడు నెలల తర్వాత, పత్తి సీజన్‌లో, అమ్మీని బండి మీద కూర్చోబెట్టుకుని మగ్రిబ్ వేళకు ఇంటికి వస్తున్నాను. ఆ రోజుల్లో మా జిన్నింగ్ మిల్లుల ముందు ఎడ్లబండ్లు ఎట్లా బారులు తీరేవో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఎదురుగా వస్తున్న లారీ లైట్లు కళ్లల్లో కొట్టాయి. అట్లాంటప్పుడు ముందే స్పీడ్ తగ్గించి రోడ్డు ఎడమ అంచు చూసుకుంటూ పోవాలని నాకు ఎవరూ నేర్పలేదు. లారీ దాటగానే ముందర పత్తి బండి. దానికి వెనక లైటూ లేదు, ఎర్ర గుడ్డా లేదు. నేను ముందు బ్రేక్ గట్టిగా నొక్కాను. కంకర మీద బండి జారింది.

నాకు మోకాలు గీసుకుపోయింది, అంతే. అమ్మీ కుడి మణికట్టు విరిగింది.

దవాఖానలో డాక్టర్ అడిగితే అమ్మీ ఏమందో తెలుసా? "గుసల్‌ఖానాలో జారిపడ్డ సాబ్." చుట్టాలకూ అదే చెప్పింది. ఇప్పటికీ అదే చెప్తుంది. కట్టు విప్పాక ఆ చెయ్యి సరిగా తిరగలేదు. మా వైపు జొన్నరొట్టె చేత్తో కొడితేనే రొట్టె. ఆ తర్వాత అమ్మీ కొట్టిన రొట్టె మేము తినలేదు. నా జేబులో ఉన్న సర్కారీ ఇజాజత్ ఖరీదు అది.

ఇక రెండో కథ. మా గల్లీలో ఒక ఆటో చిచ్చా ఉండేవాడు. మద్నూర్ నుంచి దెగ్లూర్ దాకా ఏళ్ల తరబడి సవారీలను తిప్పాడు. ఒక్క కోడిని కూడా తొక్కించలేదని ఊరంతా అనేది. కానీ ఆయనకు లైసెన్స్ లేదు. ఆయన చదివింది ఐదు, రూల్ అడిగింది ఎనిమిదో తరగతి. కిరాయి బండి నడపాలంటే ఆ చదువు ఉండాలన్న షరతును కేంద్రం 2019లో తీసేసింది. అప్పుడు పోతే పేరు కుదరలేదన్నారు. ఆధార్‌లో 'షేక్', ఓటర్ కార్డులో 'ఎస్.కె.', అబ్బా పేరు ఒక్కో కాగితంలో ఒక్కో తీరు. మన ఇళ్లల్లో ఈ ముసీబత్ ఎవరికి తెలియదు? 'ఎండీ', 'మహ్మద్' ఒకటేనని నిరూపించడానికి ఎన్ని రోజుల కూలీ పోగొట్టుకున్నామో లెక్క ఉందా?

నడపడం రాని నాకు లైసెన్స్ దొరికింది. నడపడం వచ్చిన చిచ్చాకు దొరకలేదు. ఇందులో ఇన్సాఫ్ ఎక్కడుంది?

ఇది మా ఊరి కథ మాత్రమే కాదు. మరియాన్ బెర్ట్రాండ్, సెంథిల్ ముల్లైనాథన్, మరో ఇద్దరు కలిసి ఢిల్లీలో లైసెన్స్ కోసం తిరుగుతున్న 822 మంది వెంట నడిచి చూశారు. ఆ పరిశోధన 2007లో అచ్చయింది. లైసెన్స్ వచ్చినవాళ్లలో దాదాపు 71 శాతం మంది అసలు డ్రైవింగ్ టెస్టే ఇవ్వలేదు. తర్వాత పరిశోధకులు విడిగా పరీక్ష పెడితే 62 శాతం మందికి నడపడం రాదని తేలింది. ఏజెంట్ లేకుండా పోయినవాళ్లను, నడపడం వచ్చినా రాకున్నా, ఫెయిల్ చేస్తున్నారనీ, అట్లా ఏజెంట్ దగ్గరికి పంపిస్తున్నారనీ వాళ్లు రాశారు. అది చదివినప్పుడు వేపచెట్టు కింద నిలబడ్డ నేనే గుర్తొచ్చాను.

మరి మామూ సంగతి? ఆయన నాందేడ్ దాకా లారీ తోలిన మనిషి. గల్ఫ్‌కు పోయి అక్కడి లైసెన్స్ కోసం పరీక్ష ఇస్తే మూడుసార్లు ఫెయిలయ్యాడు. లేన్ మారేటప్పుడు అద్దం చూడడం లేదని మొదటిసారి చెప్పారు. భుజం మీదుగా తిరిగి చూడలేదని రెండోసారి. ప్రతిసారీ ఫీజు, మళ్లీ క్లాసులు. ఫోన్‌లో తిట్టేవాడు, "ఇరవై ఏండ్ల తజుర్బా ఉన్నోణ్ని పిల్లగాని లెక్క చేసిండ్రు" అని. ఇప్పుడు ఊరికొచ్చి కారు నడిపితే మాత్రం ప్రతి మలుపులో ఆయన మెడ తిరుగుతుంది. ఆ మెడను తిప్పింది ఆ మూడు ఫెయిళ్లే.

అందుకే నాకనిపించేది ఒక్కటే. లైసెన్స్ కిటికీ దగ్గర ఆసాన్‌గా ఉండాలి, మైదానంలో ముష్కిల్‌గా ఉండాలి. మన దగ్గర ఉల్టా ఉంది.

చట్టంలో కావలసినంత ఉంది. 18 ఏళ్లు నిండాలి. ముందు ఎల్ఎల్ఆర్, దానికి ఆరు నెలల గడువు. కనీసం 30 రోజులు నేర్చుకున్నాకే అసలు పరీక్ష. బైక్‌కు ఎనిమిది అంకె, కారుకు 'హెచ్', రివర్స్. కానీ 161 నంబర్ జాతీయ రహదారి మీద ఎనిమిది అంకెలు ఉండవు. టీజీ 17, ఎంహెచ్ 26, కేఏ 38 బండ్లు, మూడు రాష్ట్రాల తొందర అక్కడ ఉంటుంది. చీకట్లో లైట్ లేని ట్రాక్టర్ ఉంటుంది. పరీక్ష వీటి గురించి కూడా అడగాలి.

పరీక్ష కష్టమైతే పేదోడి రోజీ పోతుంది కదా అని కొందరంటారు. ఆ మాట తేలిగ్గా తీసేయలేను. రాత్రి బస్సు లేని ఊళ్లలో బైకే అంబులెన్స్. పరీక్ష మరీ కష్టం చేస్తే జనం లైసెన్స్ లేకుండానే తిరుగుతారు, రిష్వత్ రేటు పెరుగుతుంది. అందుకే ఫెయిల్ చేస్తే ఎందుకు చేశారో మా మామూకు చెప్పినట్టు మొహం మీద చెప్పాలి. మళ్లీ రావడానికి ఎక్కువ ఖర్చు కాకూడదు. చదువు రానివాడిని నోటితో అడగాలి. పేరులో ఒక అక్షరం తేడా ఉంటే మనిషిని వెనక్కి పంపకూడదు. కానీ బ్రేక్ ఎప్పుడు నొక్కాలో తెలియనివాణ్ని మాత్రం, వాడు నా కొడుకైనా సరే, పాస్ చేయకూడదు. 2022లో ఈ దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. ఒక్కొక్కరి వెనక ఒక ఇల్లు.

దారిలో ముల్లు తీసేయడం కూడా ఈమాన్‌లో భాగమేనని చిన్నప్పుడు మక్తబ్‌లో నేర్చుకున్నాం. దారి మీదకు నేనే ముల్లునై వెళ్లానన్న సంగతి తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

పోయిన ఇత్వార్ పొద్దున మావాణ్ని ఖాళీ మైదానానికి తీసుకెళ్లాను. ముగ్గుపిండితో పెద్ద ఎనిమిది గీశాను. ఇంట్లో ఉండమంటే వినకుండా అమ్మీ కూడా వచ్చి కుర్చీ వేయించుకుంది. అక్కడే, ఆమె ముందే, గుసల్‌ఖానా కథలో నిజమేంటో వాడికి చెప్పాను. అమ్మీ కొంగుతో మొహం తుడుచుకుని, "ఇప్పుడెందుకురా అవన్నీ" అంది.

వాడు చాలాసేపు దాదీ చెయ్యి వంక చూశాడు. తర్వాత తాళం నాకిచ్చాడు.

"ముందు మీరు వేయండి అబ్బా."

వేశాను. రెండుసార్లు కాలు కింద పెట్టాను. అమ్మీ వంకర చేత్తో వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "ఫెయిల్" అంది నవ్వుతూ.

ఎల్ఎల్ఆర్‌కు స్లాట్ బుక్ చేశాం. ఏజెంట్ లేడు. ఫెయిలైతే మళ్లీ పోతాం.