గ్యాసే అనుకున్నరట!

ఏమక్కా, ఇన్నవా? మా చిన్నమామకు వరంగల్ల స్టెంట్ ఏసిండ్రు. ఆఁ, బానే ఉన్నడు ఇప్పుడు. కని ఇంట్ల చేసిన ఆలస్యం ఇంటే నీకే కోపమొస్తది.

పత్తి కాడికెళ్లి వచ్చి నాలుగు మెతుకులు తిన్నడట. రొమ్ము మీద బండ వెట్టినట్టయితాంది అన్నడు. అత్తమ్మ ఈనో కలిపిచ్చింది. సోడా తాపిచ్చింది. ఈపుకు జండూబామ్ రుద్దింది. బయటేమో చలి, అందరు దుప్పట్లు కప్పుకున్నరు, ఈయన బనీను మాత్రం పిండితే నీళ్లు కారేటట్టుంది! ఎడమ చెయ్యి గుంజుతాంది, దవడ లాగుతాంది అన్నా గ్యాసే అన్నరు. ఆరెంపీ వచ్చి సెలైన్ ఎక్కిచ్చి, పొద్దుగాల జూద్దామని పోయిండు. హైదరాబాద్‌ల కొడుక్కు ఫోన్ జేస్తే, నేనొచ్చేదాక ఆగుండ్రి అన్నడట.

108కు చెయ్యరాదే అంటే, బండి ఇంటి ముందటికొస్తే ఊరంత జమైతదని అత్తమ్మకు నామోషి. 2005 నుంచి తిరుగుతాంది గదా అది! ఆఖరికి బైకు మీద ఇద్దరి నడుమ కూసోవెట్టుకొని పోయిండ్రు. దారిల గుండె ఆగితే ఎవడు పట్టుకోవాలె, ఏం జెయ్యాలె? 108ల ఆక్సిజన్ ఉంటది, జూసుకునే మనిషుంటడు.

జఫర్‌గఢ్ నుంచి వరంగల్ ఎంత దూరమే? రోడ్డు మీద పోయిన టైం కన్న ఇంట్ల కూసున్నదే ఎక్కువ. గుండెకు రక్తం పోయే నరంల గడ్డ అడ్డం వడ్తదట, వడ్డకాన్నుంచే కండ సచ్చుడు షురువైతదట. గడ్డ కరిగే సూది మొదటి గంట, రెండు గంటలల్ల వడితే మస్తు పనిజేస్తది, 12 గంటలు దాటితే ఇగ దానితోని ఫాయిదా లేనట్టే అని డాక్టర్ చెప్పిండు.

పైసల భయం గుడ ఉంటది, కాదంటలేను. కని ఆరోగ్యశ్రీ ఉండె గదా, 2023 డిసెంబర్ల 10 లక్షల దాక పెంచిండ్రు.

మామ ఏమంటడో ఎర్కేనా? పొద్దందాక కష్టం జేసేటోనికి గుండెనొప్పేందని. ఆంధ్ర మంత్రి గౌతంరెడ్డి కసరత్తు జేసేటోడే గదా, 2022 ఫిబ్రవరిల ఇంట్లనే కూలిపోయిండు. సినిమా హీరో తారకరత్న పోయిననాటికి ఆయనకు నలభై గుడ నిండలే.

ఇంకోటి జెప్పిండ్రు. షుగరున్నోళ్లకు, ఆడోళ్లకు ఒక్కోపారి రొమ్ముల నొప్పే రాదట. ఆయాసం, వాంతులు, ఒళ్లంత నీరసం, గంతే. ఈసీజీ ఒకపారి మంచిగొచ్చినా, బాధ తగ్గకుంటే మళ్ల తీయాలెనట.

అవునే, మీ అత్తకు షుగరే గదా? ఏందీ, పొద్దుగాలనుంచి ఆయాసపడుతాందా? ఎల్లుండి సంత రోజు తీస్కపోతవా? పిచ్చా నీకు! ఫోన్ ఇటియ్యి, 108కు నేనే జేస్త.