నాలుగంగుళాల ముక్క

స్వెట్టరు అల్లేవాళ్లకి అన్నిటికన్నా విసుగు పుట్టించే పని ఏంటో తెలుసా? అసలు పని మొదలెట్టకముందు ఓ చిన్న నమూనా ముక్క అల్లడం. కొత్త ఊలు ఉండలు ఇంటికొచ్చాయంటే చేతులు ఊరుకోవు. అలాంటిది, ఎవరూ తొడుక్కోని జానెడు ముక్క కోసం ఓ పూటంతా కూర్చోవాలి. దాన్ని తడిపి, ఆరబెట్టి, స్కేలు పెట్టి అంగుళానికి ఎన్ని కుట్లు వచ్చాయో లెక్కపెట్టాలి.

మన ఇళ్లలో ఆ అలవాటు తక్కువే. కారణమూ ఉంది. మనం అల్లేది ఎక్కువగా పసిపిల్లలకి. వదులైతే ‘వచ్చే ఏడాదికి సరిపోతుందిలే’ అనుకుంటాం. బిగుతైతే పక్కింటి బుజ్జిగాడు ఉండనే ఉన్నాడు! పెద్దవాళ్ల స్వెట్టరు దగ్గర ఆ సర్దుబాటు కుదరదు. 40 అంగుళాల ఛాతీకి అంగుళానికి అయిదున్నర కుట్ల లెక్కన 220 కుట్లు వేశామనుకోండి. మన చేతికి అంగుళానికి అయిదే పడితే అది కాస్తా 44 అంగుళాల బస్తా అవుతుంది. తేడా అరకుట్టే మరి!

మా పెద్దమ్మ మాత్రం ముక్క అల్లకుండా ఏనాడూ స్వెట్టరు మొదలుపెట్టలేదు. పెదనాన్నది రైల్వే ఉద్యోగం. నాగపూర్ క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు పక్కింటి పంజాబీ ఆవిడ దగ్గర నేర్చుకుందట. రిటైరయ్యాక ఆదిలాబాద్‌లో స్థిరపడ్డారు. అక్కడి చలి గురించి వేరే చెప్పాలా... తెల్లారకముందే నడకకి బయల్దేరే పెదనాన్న ఒంటిమీద ఎప్పుడూ పెద్దమ్మ అల్లిన స్వెట్టరే ఉండేది.

2022 డిసెంబరులో ఆయన కోసమే బూడిదరంగు ఊలుతో అల్లుతుండగా పెద్దమ్మకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. అప్పటికి వీపు భాగం పూర్తయింది. ముందు భాగం సగంలో ఉంది. ‘బజార్లో కొనుక్కుంటాలే’ అన్నారు పెదనాన్న, ఊరడించడానికే. ఆ మాటకే ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. సంక్రాంతికి నేను వెళ్లినప్పుడు ఊలు సంచి నా ఒళ్లో పెట్టించింది. మాట ముద్దముద్దగా వస్తోంది. ‘ముందు ముక్క అల్లి చూపించు’ అంది.

చిన్నప్పుడు వేసవి సెలవుల్లో నాకు నేర్పింది ఆవిడే. ఊలు అదే. ఆవిడ వాడిన 8వ నంబరు సూదులే. అయినా స్కేలు పెడితే నాలుగంగుళాల్లో ఆవిడవి 22 కుట్లు, నావి 24! ఆవిడ వేసిన 110 కుట్లు ఆవిడ చేతిలో 20 అంగుళాల వెడల్పు. అవే నా చేతిలో పద్దెనిమిదిన్నరకి కూడా రావు. పొట్ట దగ్గర వదులు, ఛాతీ దగ్గర బిగుతు!

అంతా ఊలు వేళ్ల మధ్య నడిచే తీరులో ఉంది. పెద్దమ్మ పోగుని చూపుడువేలి మీదుగా అలా పోనిస్తుంది. నేను చిటికెనవేలికి ఓ చుట్టు చుట్టి పట్టుకుంటాను. దిగులుగా ఉన్నప్పుడు చెయ్యి ఇంకాస్త బిగుస్తుంది కూడా.

‘నాది విప్పేసెయ్. మొదట్నుంచీ నువ్వే అల్లుకో, తేలిక’ అంది పెద్దమ్మ. నిజానికి సరైన సలహా అదే. అల్లిక తెలిసినవాళ్లు ఎవరైనా అదే చెబుతారు. కానీ ఆ కుడిచేత్తో అల్లిన ఆఖరి అల్లిక అదే కావచ్చని ఆ గదిలో ముగ్గురికీ తెలుసు. పెదనాన్న పేపరు చూస్తున్నారు. ‘విప్పొద్దు’ అన్నారు, తలెత్తకుండానే.

నా చెయ్యి మారదు. ఇక సూదే మారాలి. కుట్లు ఎక్కువ పడితే లావు సూది, తక్కువ పడితే సన్న సూది. ఇక్కడో తిరకాసుంది. మన దగ్గర వాడేది పాత బ్రిటిష్ లెక్క. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 8 అంటే 4 మిల్లీమీటర్లు. అమెరికాలో అంతా తలకిందులు. అక్కడ 8 అంటే 5 మిల్లీమీటర్లు. అక్కడి నుంచి పిల్లలు పంపే డిజైన్లు అల్లేవాళ్లు నంబరు వదిలేసి మిల్లీమీటర్లే చూసుకోవడం మేలు. నేను 7వ నంబరు, అంటే నాలుగున్నర మిల్లీమీటర్ల సూదులు తెచ్చుకున్నాను.

మళ్లీ ముక్క. అంచులు ముడుచుకుపోతాయి కాబట్టి ఆరంగుళాలు అల్లి మధ్యలో నాలుగే కొలవాలి. ఊలు తడిస్తే సాగుతుంది గనక మామూలుగా అయితే ఉతికి ఆరబెట్టాకే కొలుస్తాం. కానీ పెద్దమ్మ అల్లింది ఇంకా నీళ్లు చూడలేదు. ఉతకనిదాన్ని ఉతకనిదానితోనే కదా పోల్చాలి! అడ్డంగా సరిగ్గా 22 కుట్లు. నిలువులో ఆవిడవి 30 వరసలైతే నావి 29. చంక పైన ఒకట్రెండు వరసలు తగ్గించుకుంటే చాలు.

పెద్దమ్మ ఆ ముక్కని ఎడంచేతి బొటనవేలితో చాలాసేపు నిమిరింది. తిరగేసి వెనకవైపు చూసింది. ‘ఊఁ... కానీ’ అంది.

ముందు భాగం ఫిబ్రవరికి పూర్తయింది. ఏ వరసలో చెయ్యి మారిందో పైకి తెలీదు. లోపలివైపు తిప్పి వెలుతురుకి పట్టుకుంటే మా ఇద్దరికే తెలుస్తుంది. పెదనాన్న రెండు భాగాల్నీ ఒంటికి ఆనించుకుని అద్దం ముందు నిలబడి ‘తొడుక్కోవచ్చా ఇక?’ అన్నారు, చేతులింకా అల్లకుండానే!

ఆ చేతుల్ని నాలుగు సూదుల మీద గుండ్రంగా అల్లడం పెద్దమ్మ పద్ధతి. అలా అల్లితే ఒక వరస నిట్, ఒక వరస పర్ల్ ఉండదు. అంతా నిట్టే. దాంతో అల్లిక బిగువే మారిపోతుంది. నేను సూదులు తీశానో లేదో, మంచం మీంచి గొంతు వినిపించింది.

‘ఏమే, చేతులకి మళ్లీ ముక్క అల్లావా?’