కాసులపేరు, మూడు రాష్ట్రాలు

మా అత్తగారికి ఎనభై నాలుగేళ్ళు. హూడిలో మాతోనే ఉంటారు. సాయంత్రం మెట్రో స్టేషను పక్కగా గుడిదాకా నడిచివచ్చి, మా ఓనరమ్మతో సగం కన్నడం, సగం తెలుగు కలిపి కబుర్లు చెప్పుకోవడం ఆవిడ దినచర్య. ఆ కబుర్లలో నెలకి ఒకసారైనా కాసులపేరు కథ వస్తుంది. ఆవిడ చెప్పే కథలో నా తప్పు ఉండదు. అందుకని నేను రాస్తున్నాను.

2014 శ్రావణమాసం. హైదరాబాదులో మా ఆడపడుచు కూతురి పెళ్ళి. రాష్ట్రం జూన్ 2న విడిపోయింది. అంటే గట్టిగా రెండు నెలలు దాటింది. అత్తగారు తన పుట్టింటివారు పెట్టిన కాసులపేరు మనవరాలి మెడలో తన చేత్తో వెయ్యాలని బాంకు లాకర్లోంచి తీయించారు. స్టీలు డబ్బా అడుగున కాసులపేరు, పైన సున్నుండలు. ఆ డబ్బా సంచిలో, సంచి ఆవిడ కాళ్ళ దగ్గర. ఇంతకంటే భద్రం ఏముంటుంది అన్నారు మా వారు.

హెబ్బాళ్ళో బస్సెక్కాం. బాగేపల్లి దాటాక అనంతపురం జిల్లా, గుత్తి దాటాక ఎక్కడో టీ తాగడానికి ఆపాడు. అందరం దిగాం. అత్తగారు కూడా దిగారు. తుంగభద్ర దాటి చాలా దూరం పోయాక, ఇంకా తెల్లవారకముందే ఆవిడ కాలితో తడిమి చూసుకుంటే సంచి లేదు!

డ్రైవరు మంచివాడు, మొదట కనిపించిన పోలీసు స్టేషను ముందు ఆపాడు. అది ఏ ఊరో చెప్పను. అక్కడి హెడ్ కానిస్టేబులు శ్రద్ధగానే విన్నాడు. విని, "ఇది తెలంగాణ కదమ్మా. మీ సంచి పోయింది ఆంధ్రాలో. అక్కడ రాయించుకోండి" అన్నాడు. అంతకు రెండున్నర నెలల ముందయితే ఇది పక్క జిల్లా మాత్రమే. జీపు పట్టుకుని నది దాటి వెనక్కి వెళ్ళాం. అక్కడ ఇంకో ప్రశ్న. "పోవడం మీరు చూశారా? లేదు. ఎక్కింది బెంగళూరులో, తెలిసింది తెలంగాణలో. మధ్యలో మేమేం చెయ్యాలి?"

"ఆ ఒడ్డున పోతే ఈ ఒడ్డున ఏడవకూడదా నాయనా?" అన్నారు అత్తగారు. ఎవరూ జవాబు చెప్పలేదు.

ఇక్కడే నా నోరు ఊరుకోలేదు. మొదటి స్టేషనులో "ఎవరిమీదైనా అనుమానమా?" అని అడిగినప్పుడు, "క్లీనరు కుర్రాడు దిక్కులు చూస్తున్నాడండీ" అనేశాను. ఇరవై ఏళ్ళు కూడా ఉండవేమో. మా సంచీ ఎక్కేటప్పుడు అందుకుని లోపల పెట్టింది వాడే. ఫిర్యాదు రాసుకోవడానికి మాత్రం సరిహద్దు అడ్డం వచ్చిందిగానీ, వాణ్ణి కూర్చోబెట్టడానికి రాలేదు. బస్సు వాణ్ణి వదిలేసి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం వరకు బెంచీ పక్కన గొంతుక్కూర్చున్నాడు. మేము నది దాటి వెళ్ళి మళ్ళీ వచ్చేసరికి అక్కడే ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో నాకిప్పటికీ అర్థంకాదు.

పెళ్ళి కాసులపేరు లేకుండానే అయింది. మూడోరోజున మావారి చిన్నాన్నగారు, రిటైరైన ప్లీడరు, విషయం విని మండిపడ్డారు. ప్రయాణంలో జరిగిన నేరాన్ని, ఆ మనిషిగానీ వస్తువుగానీ ఏయే ప్రాంతాల మీదుగా వెళ్ళిందో వాటిలో ఏ కోర్టయినా విచారించవచ్చని క్రిమినల్ ప్రొసీజర్ కోడు 183వ సెక్షన్‌లోనే ఉందట. అంటే మా కేసు మూడు రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది! పైగా అంతకు ముందు సంవత్సరమే, 2013 నవంబరులో, లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు కాగ్నిజబుల్ నేరమని తెలిసే ఫిర్యాదు వస్తే ఎఫ్.ఐ.ఆర్. కట్టి తీరాలని చెప్పింది. తమ పరిధి కాకపోతే సున్నా నంబరు వేసి, సంబంధిత స్టేషనుకి పంపాలి. దాన్నే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. ఆయన వెంట వచ్చి అడిగితే అరగంటలో రాసేశారు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో, నేరం ఎక్కడ జరిగినా సమాచారం తీసుకోవాలని నేరుగానే రాశారు. మీ పిల్లలకి చెప్పి ఉంచండి, ప్రయాణాల్లో పనికొస్తుంది.

ఆలోచిస్తే విచిత్రం. విడిపోయినా మన రెండు రాష్ట్రాలకీ శిక్షాస్మృతి ఒకటే, సుప్రీంకోర్టు ఒకటే. 2018 చివరిదాకా హైకోర్టు కూడా హైదరాబాదులో ఉమ్మడిగానే ఉంది. విడిపోయింది మనుషులు, జీపులు, ఫైళ్ళు. ఎవరు ఏ రాష్ట్రానికి వెళతారో తేల్చడానికి కమలనాథన్ కమిటీ ఏళ్ళతరబడి కూర్చుంది. రేపు తను ఎక్కడుంటాడో తెలియని ఉద్యోగి నాలాంటిదాని సంచి కోసం నది దాటతాడా? అప్పుడు కోపం వచ్చింది గానీ, ఇప్పుడు కొంత జాలి కూడా కలుగుతుంది.

లండన్‌లో ఉన్న మా మరిది కొడుకుతో ఈమాట అంటే నవ్వాడు. "మీది నయం పెద్దమ్మా" అన్నాడు. బ్రిటన్ 2020 జనవరి 31న యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చింది. ఆ ఏడాది చివరిదాకా పాత పద్ధతులు నడిచాయి. తరవాత, చాలా యూరప్ దేశాలు దొంగల వివరాలు, పోయిన వస్తువుల వివరాలు పంచుకునే ఉమ్మడి కంప్యూటరు జాబితా బ్రిటిష్ పోలీసులకి మూతపడింది. ఇంటర్‌పోల్ ద్వారా అడగాలి. జర్మనీ అయితే తన పౌరుల్ని బ్రిటన్‌కి అప్పగించనని ముందే చెప్పేసింది. మనవాళ్ళకి చట్టం ఉంది, మనసు కుదరలేదు. వాళ్ళకి చట్టమే తెగిపోయింది.

దొంగ ఆరునెలలకి దొరికాడు. మా వెనక సీటువాడే! టీ దగ్గర దిగినవాడు మళ్ళీ ఎక్కలేదు. డ్రైవరూ చూసుకోలేదు, మేమూ చూసుకోలేదు. కర్ణాటకలో ఇంకేదో కేసులో పట్టుబడి ఇదీ ఒప్పుకున్నాడు. కాసులపేరు ఇక్కడే ఒక తాకట్టు కొట్టులో బయటపడింది. వస్తువు కర్ణాటక కోర్టులో, కేసు ఆంధ్రాలో, ఫిర్యాదు పుట్టింది తెలంగాణలో. పట్టుబడిన నగలను స్టేషన్లలో ఏళ్ళతరబడి మూలుగనివ్వకుండా ఫొటోలు తీసి, పూచీ తీసుకుని సొంతదారుకి ఇవ్వమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. అయినా మా చేతికి రావడానికి ఇంకో పద్నాలుగు నెలలు పట్టింది. మావారు సెలవులన్నీ దానికే పెట్టారు. ఆరు కాసులు తక్కువగా వచ్చింది.

దొంగ దొరికిన వారమే నేను ఆ బస్సు ఆఫీసుకి వెళ్ళాను. కుర్రాణ్ణి ఆ మర్నాడే తీసేశారట. ఊరు ధర్మవరం వైపని ఒకడు, కాదు కదిరని ఒకడు చెప్పారు. ఫోను నంబరు పనిచెయ్యలేదు. ఒక ఉత్తరం రాసిపెట్టి, కనపడితే ఇమ్మన్నాను. ఎవరూ ఇచ్చినట్టు లేదు.

కాసులపేరు మనవరాలికి చేరింది. మొన్న సంక్రాంతికి మళ్ళీ అదే దారిన వెళ్ళాం. టీ కోసం బస్సు ఆగింది. అత్తగారు దిగలేదు, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అద్దం తుడుస్తున్న క్లీనరు అబ్బాయిని కిటికీలోంచి పిలిచి రెండు సున్నుండలు పెట్టారు. "నీదేవూరు నాయనా?" అని అడిగారు. రాయచూరు అన్నాడు. "అట్లాగా" అని డబ్బా మూతపెట్టుకున్నారు.