ఊపిరి లెక్క

రాత్రి పదకొండు దాటింది. హయత్‌నగర్‌లో విజయవాడ హైవేకి రెండు వీధుల లోపలున్న ఆ ఇంట్లో అందరూ నిద్రపోయారు. అప్పుడు వినిపించింది ఆ శబ్దం, వరండాలోంచి. ఎవరో ముక్కుతో గాలిని బలంగా లోపలికి లాగుతున్నట్టు 'గుర్ర్... గుర్ర్... గుర్ర్' మంటూ.

పెద్దాయన ఉలిక్కిపడి లేచాడు. లైటు వేసి చూస్తే రాజు! మెడ ముందుకు చాచి, ముందుకాళ్లు ఎడంగా పెట్టి, కళ్లు పెద్దవి చేసి బిగుసుకుపోయి నిలబడింది. డొక్కలు ఎగిసిపడుతున్నాయి.

'గొంతుల ఏమన్నా ఇరికిందా తాతా?' పన్నెండేళ్ల మనవడి గొంతు వణికింది. కోడలు నీళ్లు తెచ్చింది. కొడుకు బండి తాళాల కోసం వెతుకుతున్నాడు. తాళాలు దొరికేలోపే శబ్దం ఆగిపోయింది. రాజు ఓసారి గుటక వేసి, మూతి నాక్కుని, అసలేమీ జరగనట్టు తోక ఊపుకుంటూ వచ్చి పిల్లాడి కాళ్ల దగ్గర పడుకుంది. మొత్తం కలిపి నిమిషం కూడా కాలేదు.

'ఏం గాలే... పొయ్యి పండుకో' అని మనవణ్ని పంపించాడుగానీ పెద్దాయన మాత్రం తెల్లవార్లూ వరండాలోనే కూర్చున్నాడు. ఆయన భయం ఆయనది. ఎందుకంటే ఆ ఇంట్లో రాజు మొదటి కుక్క కాదు.

అంతకుముందు స్వీటీ ఉండేది. తెల్లటి పొమేరియన్. పదకొండేళ్లు వాళ్లతోనే బతికింది. ఆఖరి ఏడాది రాత్రిళ్లు దగ్గేది. ముసలిదైంది, చలిగాలి పడట్లేదు అనుకున్నారు. తర్వాత నడక తగ్గించింది. బద్ధకం అనుకున్నారు. ఏప్రిల్‌లో ఓ సాయంత్రం పడుకోకుండా కూర్చునే రొప్పడం మొదలుపెట్టింది. ఎండాకాలం కదా, అన్ని కుక్కలూ రొప్పుతాయి అని కూలర్ ముందు కూర్చోబెట్టారు. అరుపు లేదు, మూలుగు లేదు. తెల్లవారేసరికి స్వీటీ లేదు. గుండె జబ్బుతో ఊపిరితిత్తుల్లోకి నీరు చేరితే కుక్కలు అలాగే కూర్చుని రొప్పుతాయనీ, ఆ రాత్రే తీసుకెళ్లి ఉంటే బతికే అవకాశం ఉండేదనీ వాళ్లకు తర్వాత తెలిసింది.

తుమ్ము తిరగబడితే...

మర్నాడు పొద్దున్నే రాజును పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. మనవడు తెలివైనవాడు. రాత్రి గాభరాలోనూ తండ్రి సెల్‌ఫోన్‌లో వీడియో తీశాడు. డాక్టరు అది చూసి, గొంతూ గుండే పరీక్షించి, నవ్వేశారు. అది జబ్బు కాదు, రివర్స్ స్నీజింగ్. మన భాషలో చెప్పాలంటే తిరగబడ్డ తుమ్ము అన్నమాట.

మామూలు తుములో గాలి ముక్కులోంచి బయటికి కొడుతుంది. ఇందులో లోపలికి వెళుతుంది. ముక్కు వెనక, మెత్తని అంగిలి ప్రాంతంలో దురదో చిరాకో పుడితే అక్కడి కండరాలు బిగుసుకుంటాయి. దాన్ని వదిలించుకోవడానికి కుక్క ముక్కుతో గాలిని బలంగా, వెంటవెంటనే పీలుస్తుంది. చూసేవాళ్లకు ఊపిరాడక చచ్చిపోతోందనిపిస్తుంది. నిజానికి ఊపిరి ఆడుతూనే ఉంటుంది. కొన్ని క్షణాల నుంచి ఒకటి రెండు నిమిషాల్లో దానంతటదే తగ్గిపోతుంది. ముందూ వెనకా కుక్క మామూలుగా ఉంటే చాలావరకు మందులు కూడా అక్కర్లేదు.

దేనివల్ల వస్తుందంటే కారణాలన్నీ మన ఇళ్లలోనే ఉంటాయి. హైవే దుమ్ము, పక్క ప్లాట్‌లో కడుతున్న ఇంటి సిమెంటు, పోపు ఘాటు, అగరొత్తులు, మస్కిటో కాయిల్, సెంటు... ఏదైనా కావచ్చు. గొలుసు పట్టి గట్టిగా లాగినా, గబగబా నీళ్లు తాగినా, ఇంటికొచ్చినవాళ్లను చూసి సంబరపడినా రావచ్చు. ఆ రోజు శుక్రవారం. ఇంట్లో సాంబ్రాణి వేసిన సంగతి కోడలికి అప్పుడు గుర్తొచ్చింది.

అలాంటప్పుడు చేయాల్సింది కంగారు పడకపోవడమే. మనం అరిస్తే అది ఇంకా బెదురుతుంది. మెల్లగా మాట్లాడుతూ గొంతు కింద నిమిరితే గుటక వేస్తుంది. గుటక పడితే సాధారణంగా శబ్దం ఆగిపోతుంది. అయితే రోజూ వస్తున్నా, రోజురోజుకీ ఎక్కువవుతున్నా, ముక్కు నుంచి రక్తం కారుతున్నా, ఒకవైపు నుంచే చీమిడి వస్తున్నా చూపించాల్సిందే. ఎండుగడ్డిలోని ముల్లులాంటి విత్తనం ముక్కులోకి దూరి ఉండొచ్చు. పురుగులో, కణితో కారణం కావచ్చు.

చప్పుడు లేని ప్రమాదం

వచ్చేటప్పుడు డాక్టరు పెద్దాయనకు ఓ పని అప్పగించారు. రాజు గాఢంగా నిద్రపోతున్నప్పుడు దాని ఛాతీని చూడాలి. పైకి లేచి కిందికి దిగితే ఒకటి. అలా నిమిషానికి ఎన్నో లెక్కపెట్టాలి. ఆరోగ్యంగా ఉన్న కుక్క నిద్రలో నిమిషానికి ముప్ఫైలోపే ఊపిరి తీస్తుంది. అంతకు మించితే కాసేపాగి మళ్లీ లెక్కపెట్టాలి. అప్పుడూ ఎక్కువే ఉంటే డాక్టరుకు చెప్పాలి. నలభై దాటితే తెల్లారేదాకా ఆగకూడదు. కలలు కంటూ కాళ్లు కొట్టుకుంటున్నప్పుడు, పరిగెత్తి వచ్చినప్పుడు, ఎండలో రొప్పుతున్నప్పుడు ఈ లెక్క పనికిరాదు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడమే దాని ఏసీ.

పెద్దాయన ఆర్టీసీలో ముప్ఫై ఏళ్లు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. బస్సు కదిలేలోపు ఎంతమంది ఎక్కారో తల తిప్పి లెక్క చెప్పినవాడు. ఆయనకిదో లెక్కా? వంటింటి క్యాలెండర్‌లో పాల లెక్క పక్కనే రాజు ఊపిరి లెక్క కూడా ఎక్కింది. ఇరవై, పద్దెనిమిది, ఇరవై రెండు... అలా రెండు నెలలు.

వానలు మొదలయ్యాక ఓ రాత్రి లెక్క ముప్ఫై రెండు వచ్చింది. మర్నాడు ముప్ఫై ఎనిమిది. గురక లేదు, దగ్గు లేదు. అన్నం కాస్త వదిలేస్తోందంతే. 'వానకు ముడుచుకున్నది నాయినా' అన్నాడు కొడుకు. పెద్దాయన వినలేదు. రాజు పెదవి ఎత్తి చూశాడు. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్లు సున్నం కొట్టినట్టున్నాయి. వెంటనే ఆటో పిలిచాడు.

రక్తపరీక్షలో తేలింది, పిడుదుల జ్వరం. చెవుల వెనకా కాలివేళ్ల మధ్యా పట్టే పిడుదులు రక్తం పీల్చడంతో ఊరుకోవు, క్రిముల్నీ ఎక్కిస్తాయి. వాటిలో కొన్ని రక్తకణాలను దెబ్బతీస్తాయి. కణాలు తగ్గితే ప్రాణవాయువు చాలదు. ఆ లోటు పూడ్చుకోవడానికే ఊపిరి వేగం పెరుగుతుంది. తొందరగా పట్టుకోవడం వల్ల మందులతోనే రాజు కోలుకుంది. ఇల్లంతా హడలగొట్టిన శబ్దం ఉత్త తుమ్మయింది. ఏ చప్పుడూ లేకుండా వచ్చింది మాత్రం ప్రాణం మీదికి వచ్చింది.

ఎప్పుడు పరిగెత్తాలి?

నాలుక, చిగుళ్లు నీలంగానో బూడిదరంగులోనో తెల్లగానో మారితే ఆగకూడదు. చల్లటి చోట ఊరికే ఉండి కూడా నోరు తెరిచి రొప్పుతున్నా, పొట్ట కండరాలతో ఊపిరి లాగుతున్నా, పడుకోలేక మెడ చాచి కూర్చుంటున్నా, తూలి పడిపోతున్నా అంతే. ఖాళీ ప్లాట్లూ పొదలూ ఉన్న శివారు కాలనీల్లో పాముకాటునీ మర్చిపోకూడదు. నాగుపాము, కట్లపాము విషం ఊపిరి తీసే కండరాలనే పడగొడుతుంది.

చిన్నజాతి కుక్క బాతు అరిచినట్టు దగ్గుతుంటే శ్వాసనాళం మెత్తబడి అణిగిపోతోందేమో చూపించాలి. వయసు మళ్లిన లాబ్రడార్ గొంతు మారి, ఊపిరి తీస్తే కీచుమంటుంటే స్వరపేటిక దెబ్బతిని ఉండొచ్చు.

2003లో హచ్ ప్రకటన వచ్చాక పగ్ మన కాలనీల్లోకీ వచ్చేసింది. ముద్దొచ్చే ఆ చప్పిడి మొహమే దానికి శాపం. ఇరుకు ముక్కురంధ్రాలు, పొడుగు మెత్తని అంగిలి వల్ల గాలి సరిగ్గా ఆడదు. దాని గురకను ముచ్చట అనుకోవడం పొరపాటే. మన ఎండల్లో దాన్ని మధ్యాహ్నం బయటికి తీసుకెళ్లడం ప్రాణాంతకం. వడదెబ్బ తగిలితే ముందు ఒళ్లంతా మామూలు నీళ్లు పోసి, ఫ్యాను పెట్టి, ఆ తర్వాతే ఆసుపత్రికి బయల్దేరాలి.

ఇంకో ముఖ్యమైన మాట. గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు నోరు తెరుచుకుని, చొంగ కారుస్తూ, మింగలేకపోతున్న కుక్క నోట్లో చెయ్యి పెట్టకూడదు. ముఖ్యంగా టీకాలు వేయని కుక్కయితే. అది రేబిస్ కావచ్చు. మనకు వాడే దగ్గుమందులూ జ్వరం బిళ్లలూ ఏ కుక్కకీ సొంతంగా వేయకూడదు. రాత్రిళ్లు చూసే డాక్టరు ఎవరో, నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఏ వేళల్లో తెరిచి ఉంటుందో ముందే కనుక్కుని రాసిపెట్టుకోవాలి. అవసరం పడ్డాక వెతికితే తాళాలే దొరకవు.

ఆ ఇంట్లో ఇప్పుడూ రాజు అప్పుడప్పుడు గుర్రుమంటుంది. ఎవరూ లేవరు. మనవడు మెల్లగా గొంతు నిమిరి వదిలేస్తాడు. పెద్దాయన మాత్రం పడుకునేముందు వరండాలో ఓ నిమిషం కూర్చుంటాడు. చేతిలో వాచీ, చూపు రాజు ఛాతీ మీద.

'ఎంతొచ్చింది తాతా?' లోపల్నుంచి అడుగుతాడు మనవడు.

'పంతొమ్మిది'

ఆ మాట విన్నాకే ఇంట్లో లైటు ఆరుతుంది.