ఒక్క బొమ్మ డైరెక్టరు

జెండా రెపరెపలాడితే విజయావారి బొమ్మ. ఇద్దరు పిల్లలు బూరాలూదితే జెమినీవారి బొమ్మ. అక్షరం ముక్క రాని ప్రేక్షకుడికి కూడా టైటిల్సు పడకముందే కంపెనీ ఏదో తెలిసిపోయేది. విజయుడంటే అర్జునుడు, ఆయన రథం మీదిది కపిధ్వజం. అందుకే నాగిరెడ్డి, చక్రపాణిగార్లు జెండా మీద హనుమంతుణ్ణి నిలిపారు. 1950లో 'షావుకారు'తో ఎగిరిన ఆ జెండా, 1957లో 'మాయాబజార్' వచ్చేనాటికి ఇంటింటి గుర్తయిపోయింది.

గుర్తు గుర్తుండాలంటే బొమ్మలు వరసగా పడాలి మరి. ఒకటి రెండింటితో సరిపెట్టుకున్న కంపెనీల ముద్రలు ఎవరికి జ్ఞాపకం? మదరాసులో అలాంటివి కోకొల్లలు. వాటిల్లో నా మనసుకు పట్టుకున్న పేరు 'కవితా చిత్ర'. ఆ పేరు చెబితే గుర్తొచ్చేది ఒకే ఒక్క బొమ్మ, 1961 నాటి 'వాగ్దానం'. డైరెక్టరు మా వాడు. మా వాడని ఎందుకంటున్నానంటే, ఆచార్య ఆత్రేయ పుట్టింది మా సూళ్లూరుపేట పక్క మంగళంపాడులో, 1921 మే 7న. అసలు పేరు కిళాంబి వేంకట నరసింహాచార్యులు. గోత్రం పేరే కలం పేరయింది. (2022లో మా ఊళ్లు తిరుపతి జిల్లాలో కలిశాయి గానీ, పులికాట్ గాలి పీల్చినవాడెవడూ నెల్లూరోణ్ణి కాదనడు.)

'ఎన్.జి.ఓ', 'కప్పలు' లాంటి నాటకాలతో పేరు తెచ్చుకుని, 1951లో 'దీక్ష'తో సినిమా పాట పట్టిన ఆత్రేయ పదేళ్లకు మెగాఫోను పట్టారు. శరత్ బాబు 'దత్త' నవల, నాగేశ్వరరావు హీరో, కృష్ణకుమారి హీరోయిను, పెండ్యాల సంగీతం. ఇంకేం కావాలి?

తమాషా ఏమిటంటే, డైరెక్టరే పాటల రచయిత అయివుండి కూడా పాటలన్నీ తానే రాసుకోలేదు. ఈనాటికీ జనం పాడుకునే యుగళగీతం దాశరథిగారికి ఇచ్చారు. సీతాకల్యాణం హరికథ శ్రీశ్రీకి అప్పజెప్పారు. మహాప్రస్థానం కవి చేత రాములవారి పెళ్లి చెప్పించడం! విల్లు విరిగే పద్యం మాత్రం కరుణశ్రీది. అన్నీ కలిసి ఘంటసాల గొంతులో పడేసరికి, శ్రీరామనవమి పందిళ్లలో మైకు పెట్టగానే ముందు అదే మోగేది. ఆత్రేయ రాయక నిర్మాతల్నీ, రాసి ప్రేక్షకుల్నీ ఏడిపిస్తారని పరిశ్రమలో జోకు. తన సంగతి తనకు తెలుసు గనక, డైరెక్టరు ఆత్రేయ రచయిత ఆత్రేయను పూర్తిగా నమ్మలేదేమోనని నా అనుమానం!

పాటలు బతికాయి, బొమ్మ ఆడలేదు. ఆత్రేయ మళ్లీ డైరెక్షను జోలికి పోలేదు. సొంత స్టూడియో ఉన్నవాడికి ఒక బొమ్మ పోయినా ఫ్లోర్ల అద్దె వస్తుంది. చిన్న కంపెనీకి ఆ ఆధారమేదీ? ఫ్లోరు అద్దె, ముడి ఫిల్ము ఖర్చు, డిస్ట్రిబ్యూటరు అడ్వాన్సు - ఈ మూడింటి మీద నడిచే బండి. ఒక చక్రం ఊడితే ఆఫీసు బోర్డు దిగాల్సిందే. ఆత్రేయకు పాట ఉంది గనక నిలిచారు. 1964లో సాటి నెల్లూరాయన పి.పుల్లయ్యగారి పద్మశ్రీ వారి 'మురళీకృష్ణ'కు పాటలు రాశారు. అదే ఏడాది 'మూగమనసులు' రానే వచ్చింది. ఆ తర్వాత ఆయన్ని డైరెక్టరని ఎవరంటారు, మనసు కవి అన్నారు గానీ!

ఈ చరిత్ర మీద నాకింత మమకారం ఊరికే రాలేదు. రెండేళ్ల కిందట నెల్లూరులో నలుగురం స్నేహితులం ఒక కంపెనీ పెట్టాం. కథ కుదరకముందే ముద్ర తయారు! పులికాట్ నీళ్ల మీంచి లేచే ఫ్లెమింగో, వెనకాల శ్రీహరికోట రాకెట్టు. రెక్కలు ఎన్నిసార్లు కొట్టాలన్నదాని మీద వారం రోజులు వాదులాట. తీరా తీసింది ఇరవై రెండు నిమిషాల బొమ్మ, తూపిలిపాళెం రేవులో. రచన నాది. ముఖ్యపాత్ర ఒక పాత నాటకాల పెద్దాయన. "అబ్బయ్యా, నలభై ఏళ్లు రంగు పూసుకున్నా, నన్ను నేను ఎప్పుడూ చూసుకోలేదురా" అన్నాడాయన మొదటి రోజు. ఎండలో పడవ నెట్టే షాటు ఆరుసార్లు చేశాడు, ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

కంపెనీ ఏడాది తిరక్కుండానే మూతపడింది. ఒకడు దుబాయి వెళ్లాడు, ఒకడు చెన్నైలో ఉద్యోగం చూసుకున్నాడు. బొమ్మ మాత్రం ఎడిటింగ్ చేసినాయన హార్డ్‌డిస్కులో ఉండిపోయింది. బాకీ ముప్పై వేలు. అది తీరితే గానీ ఇవ్వనంటాడు, తప్పేముంది, ఆయన కూలి ఆయనది. నా కూలీ నాకు రాలేదనుకోండి, అదలా ఉంచండి. ఈలోగా పెద్దాయన పోయాడు.

పోయిన నెల ఆయన కూతురు ఫోను చేసింది. "అన్నా, సంవత్సరీకం వస్తా ఉంది. మా నాయన నడిచేది, మాట్లాడేది ఒక్కసారి చూపించన్నా చాలు. అమ్ముకునేదానికి కాదన్నా" అంది. కాగితాల మీద కంపెనీ లేదు, సంతకం పెట్టే మనిషి ఊళ్లో లేడు. 'వాగ్దానం' పాటల్ని గ్రామఫోను రికార్డులు కాపాడాయి, రేడియో కాపాడింది. మా పెద్దాయనకు ఆ డిస్కు తప్ప దిక్కు లేదు.

దుబాయి వాడు పదివేలు పంపాడు. చెన్నై వాడు ఐదు ఇస్తానన్నాడు. మిగతా పదిహేను వేలకు ఈ వారం రెండు పత్రికలకు వ్యాసాలు ఒప్పుకున్నాను, అందులో ఇదొకటి. ఎడిటరుగారు సగం ముడితే కాపీ చేసిస్తానన్నారు. ఆదివారం పొద్దున్నే కోట బస్సులో డిస్కు పట్టుకుని వెళ్లాలి. ఫ్లెమింగో ముక్క కత్తిరించేయమన్నాను, బొమ్మ పెద్దాయన ముఖం మీదే మొదలవుతుంది.