కెట్టువళ్లంలో మంచు కడితే...

నీళ్లమీద ఇల్లు. కిటికీలోంచి చూస్తే కొబ్బరిచెట్లు. గదిలో చల్లని ఏసీ. అలెప్పీ హౌస్‌బోటు అనగానే మన కళ్లముందు మెదిలే దృశ్యమిదే. అయితే ఆ ఏసీ చల్లబరచడం మానేసి మంచుగడ్డలా మారిపోతే?

రాత్రి పదకొండు దాటింది. చుట్టూ చీకటి, నీళ్లు. వరిచేను గట్టుకు కట్టేసిన పడవలో గుంటూరు నుంచి వచ్చిన కుటుంబం నిద్రకోసం తంటాలు పడుతోంది. ఉక్కపోతకు తాళలేని నానమ్మ కోసమే వాళ్లు ఏసీ పడవ మాట్లాడుకున్నారు. తొమ్మిదింటికి వేసిన ఏసీ గంటసేపు బ్రహ్మాండంగా పనిచేసింది. తర్వాత గాలి తగ్గింది. ఆపైన చల్లదనమూ పోయింది. మూత ఎత్తి చూస్తే... లోపలి రేకుల నిండా తెల్లగా మంచు!

'ఇంత మంచుంటే గది ఎందుకు చల్లబడట్లేదు?' అనడిగాడు పదేళ్ల మనవడు. 'ఇంకా తగ్గించి పదహారులో పెడదాం' అన్నాడు వాళ్ల నాన్న. పిల్లాడి ప్రశ్న సరైంది. నాన్న సలహాతోనే వచ్చింది చిక్కు!

ధాన్యం మోసిన పడవే!

ఇప్పుడు పర్యటకుల్ని మోస్తున్న ఈ పడవ ఒకప్పుడు ధాన్యం మోసింది. కెట్టువళ్లం అంటే మలయాళంలో 'కట్టిన పడవ' అని అర్థం. పనసజాతికి చెందిన ఆంజిలి చెట్టు పలకల్ని మేకులు కొట్టకుండా కొబ్బరిపీచు తాళ్లతో కుట్టి, జీడిగింజ పెంకుల నూనె పూసేవారు. కుట్టనాడులో పండిన వడ్లు ఈ పడవల్లోనే కొచ్చికి చేరేవి. సముద్రమట్టం కన్నా దిగువన వరి పండించే ప్రాంతం కుట్టనాడు. ఆ సేద్యాన్ని 2013లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది.

రోడ్లూ వంతెనలూ వచ్చాక సరుకు లారీలెక్కింది. ఖాళీగా మిగిలిన పడవలకు 1990ల్లో పర్యటకం కొత్త పని ఇచ్చింది. వెదురు, చాపల కప్పు కింద పడకగదులు వచ్చాయి. వాటితోపాటే ఏసీలూ చేరాయి. కరెంటు తీగలు లేని నీళ్లమీద ఏసీ నడవాలంటే జనరేటరే దిక్కు. అందుకే చాలా పడవల్లో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు వరకే ఏసీ వేస్తారు. సాయంత్రం జాలర్లు వలలు వేసే వేళకు పడవల్ని ఒడ్డుకు కట్టేయాలి. ఇక తెల్లారేదాకా కదలిక ఉండదు. ఆ సమయంలో ఏసీ మొరాయిస్తే మెకానిక్‌ వచ్చే దారీ ఉండదు.

ఊపిరాడకపోతే మంచే

ఏసీ లోపలి కాయిల్‌ మామూలుగా సున్నా డిగ్రీలకు పైనే ఉంటుంది. గదిలోని వెచ్చటి గాలి దాని రేకుల మధ్య నుంచి వెళ్తూ వేడిని వదిలేస్తుంది. గాలిలోని తేమ నీటిబొట్లుగా మారి గొట్టంలోంచి బయటకు పోతుంది. మరి గాలే సరిగా ఆడకపోతే? కాయిల్‌కు అందాల్సిన వేడి అందదు. దాంతో అది సున్నా కన్నా కిందికి పడిపోతుంది. నీటిబొట్లు కారడం మాని అక్కడే గడ్డకడతాయి. ఆ మంచు రేకుల మధ్య సందుల్ని మూసేస్తుంది. గాలి ఇంకా తగ్గుతుంది. మంచు ఇంకా పెరుగుతుంది. పదహారులో పెడితే కంప్రెసర్‌ ఆగకుండా తిరిగి ఆ మంచుకు మరింత మంచు చేరుస్తుందే తప్ప గది చల్లబడదు.

ఈ కష్టం పడవలో ఎక్కువ. చుట్టూ నీళ్లే కాబట్టి గాలి నిండా తేమ. పిల్లలు తలుపు తీసినప్పుడల్లా ఆ తేమ గదిలోకి వస్తుంది. పైగా వెనకవైపే వంటగది. కరిమీన్‌ చేప వేయించిన నూనెపొగ ఫిల్టర్‌కు జిగురులా అంటుకుంటుంది. దానిమీద దుమ్ము చేరితే జల్లెడ కాస్తా గోడవుతుంది.

ముందు ఆపాలి

ఆ రాత్రి సరంగును నిద్రలేపారు. ఆయన రాగానే చేసిన పని ఒక్కటే... చల్లబరచడం ఆపి, రిమోట్‌లో ఫ్యాన్‌ మాత్రమే నడిచేలా పెట్టాడు. మంచును చాకుతో గీకబోయిన నాన్నను వారించాడు. రేకులు వంగినా, రాగిగొట్టానికి చిల్లుపడినా బాగుచేయడం పెద్ద ఖర్చు. మంచుతోనే నడిపిస్తే గొట్టంలోని గ్యాస్‌ ద్రవంగానే వెనక్కి వెళ్లి కంప్రెసర్‌ను పాడుచేసే ప్రమాదమూ ఉంది. ఫిల్టర్‌ తీస్తే వేలికి జిడ్డు తగిలింది. వంటాయన దాన్ని సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాడు.

మంచు కరగడానికి రెండుగంటలు పట్టింది. అప్పటిదాకా నానమ్మకు పడవ ముందుభాగంలో కుర్చీ వేశారు. అక్కడ కాయలు మీదుగా గాలి తగులుతోంది. కాయలంటే ఇక్కడి సరస్సులు. ఆమె కునుకు కూడా తీసింది. ఒంటిగంటన్నరకి గది తలుపు మూసి, ఇరవై అయిదులో పెట్టి ఏసీ వేశారు. ఈసారి నిలకడగా నడిచింది.

కథ అయిపోయిందనుకున్నారు. తెల్లవారి చూస్తే కాయిల్‌కు ఓ మూల, గొట్టం లోపలికి వచ్చే చోట, మళ్లీ సన్నటి మంచుగీత! ఫిల్టర్‌ మూసుకుపోతే మంచు కాయిల్‌ అంతా పరుచుకుంటుంది. గ్యాస్‌ తగ్గితే ముందుగా ఇలా మొదట్లోనే కనపడుతుంది. అంటే జబ్బు ఒకటి కాదు, రెండు!

తొమ్మిదికి రేవు చేరారు. పన్నెండుకి కొత్త అతిథులు ఎక్కుతారు. ఉన్నది మూడుగంటలే. మెకానిక్‌ రాగానే గ్యాస్‌ పట్టించి పంపేస్తే పావుగంట పని. సరంగు ఒప్పుకోలేదు. గ్యాస్‌ డీజిల్‌లా ఖర్చయ్యేది కాదు, తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. నింపి ఊరుకుంటే కొన్నాళ్లకు మళ్లీ అదే రాత్రి, అదే ఉక్క... కాకపోతే నానమ్మ మరొకరి నానమ్మ. మెకానిక్‌ గొట్టాల అతుకులకు సబ్బునురగ రాశాడు. బయటి పెట్టె దగ్గరి నట్టు మీద బుడగలు లేచాయి. ఇంజిను అదురుకు అది వదులైంది. బిగించి, గాలి తీసేసి, తూకం ప్రకారం గ్యాస్‌ పట్టించేసరికి పదకొండున్నర.

గుంటూరు కుటుంబం అప్పటికే రైలుకు బయల్దేరింది. వెళ్తూ నానమ్మ సరంగుతో అన్నదొక్కటే: 'ఏసీ సంగతి సరే నాయనా, ఆ కుర్చీ మాత్రం అక్కడే ఉంచు!'

పడవ ఎక్కేముందు...

* పగలంతా ఏసీ ఉంటుందా, రాత్రికేనా అన్నది ముందే అడగండి.

* పడవ ఎక్కగానే ఫిల్టర్‌ చూపించమనండి. పగటివేళే పది నిమిషాలు ఏసీ వేయించి చూడండి.

* ఏసీ నడుస్తుంటే తలుపులూ కిటికీలూ మూయండి. ఇరవై నాలుగు, ఇరవై అయిదు డిగ్రీలు చాలు.

* గాలి తగ్గితే డిగ్రీలు తగ్గించొద్దు. ఫ్యాన్‌ మీద పెట్టి, సిబ్బందిని పిలవండి.

* నవంబరు నుంచి ఫిబ్రవరి వరకూ వాతావరణం హాయిగా ఉంటుంది. మార్చి నుంచి మే దాకా ఉక్క ఎక్కువ.